3.7 వోల్టుల సెల్‌తో 5 వోల్టుల బోర్డు నడపడం ఎలా?

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, 18650 సెల్ ఇచ్చేది 3.7 వోల్టులే కదా, నా ఆర్డినోకి 5 వోల్టులు కావాలి. ఎలా?"

దీనికి బొటనవేలంత బోర్డు ఒకటి దొరుకుతుంది. పేరు ఎంటీ3608 బూస్ట్ కన్వర్టర్. ఇందులో చిప్ పక్కనే ఒక కాయిల్ ఉంటుంది. చిప్ లోపలి స్విచ్ సెకనుకి దాదాపు 12 లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉన్నప్పుడు కాయిల్ శక్తిని దాచుకుంటుంది. ఆఫ్ అవగానే ఆ శక్తి బ్యాటరీ వోల్టేజికి తోడై బయటికొస్తుంది.

అలాగని పవర్ ఊరికే పెరగదు. 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ వాడితే 5 వాట్లు. అది ఇవ్వడానికి, నష్టాలతో కలిపి, సెల్ నుంచి దాదాపు 1.5 ఆంపియర్లు లాగుతుంది. అందుకే ఛార్జ్ అంత త్వరగా అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. బోర్డు మీది చిన్న స్క్రూ తిప్పితే అవుట్‌పుట్ 28 వోల్టుల దాకా పోతుంది. చూడకుండా కలిపితే ఆర్డినో కాలిపోతుంది. ముందు మల్టీమీటర్ పెట్టి 5 వోల్టులకి సెట్ చేయండి, తర్వాతే కలపండి. కొన్ని బోర్డుల్లో చాలా చుట్లు తిప్పితే గానీ రీడింగ్ కదలదు, కంగారు పడకండి.

ఇంకోటి, ఈ చిప్ 2 వోల్టుల దాకా సెల్‌ని పిండుతూనే ఉంటుంది. లిథియం సెల్ 2.5 కన్నా కిందికి దిగితే పాడవుతుంది, మళ్లీ ఛార్జ్ చేయడం కూడా ప్రమాదమే. కాబట్టి ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న సెల్లే వాడండి.

వచ్చే ఎపిసోడ్‌లో 12 వోల్టులని 5కి తగ్గించే బక్ కన్వర్టర్ చూద్దాం. ఉంటాను మరి!