చెవి సంరక్షణము

తాతగారు రేడియో బిగ్గరగా పెట్టుచున్నారని పిల్లలు విసుగుకొనుట చాల ఇండ్లలో గలదు. ఆయన నడిగినచో, “నాకు బాగుగనే వినబడుచున్నది, మీరే మాటలు నమలుచున్నారు” అందురు. అది మొండితనము కాదు. వయస్సుతో మొదట సన్నగిల్లునది హెచ్చుస్థాయి ధ్వనులను వినుశక్తి. అచ్చులు మంద్రములు, బలము గలవి. ‘స’, ‘శ’, ‘చ’ వంటి హల్లులు సన్ననివి. కావున మాట వినబడును గాని కోడలు ‘పాలు’ అన్నదో ‘చాలు’ అన్నదో తెలియదు. అట్టివారికి కేకలు వేసి చెప్పుటకంటె, ఎదుట కూర్చుండి పెదవులు కనబడునట్లు నింపాదిగా చెప్పుట మేలు.

లోచెవిలో నత్తగుల్లవలె చుట్టుకొన్న చిన్న గొట్టమున్నది. దానిలో సుమారు 15,000 రోమకణములు శబ్దపు కదలికను విద్యుత్సంకేతముగా మార్చి మెదడునకు పంపును. పక్షులలో ఈ కణములు నశించినను మరల పుట్టును. మనుష్యునకు ఆ భాగ్యము లేదు. హెచ్చు స్వరములను పట్టు కణములు గొట్టపు వాకిటనే యున్నవి. ముందుగా చెడునవి అవియే.

వార్ధక్యము నాపలేము గాని మోతను తగ్గింపవచ్చును. 85 డెసిబెళ్ల మోతలో రోజునకు 8 గంటలు హద్దని వృత్తి ఆరోగ్య శాస్త్రజ్ఞుల లెక్క. 3 డెసిబెళ్లు హెచ్చిన శబ్దశక్తి రెట్టింపగును గనుక 88 వద్ద హద్దు 4 గంటలు. 100 వద్ద 15 నిమిషములే! మరమగ్గముల సాలలోని కార్మికునకు, పెండ్లి ఊరేగింపున డి.జె. పెట్టెల ముందు ఆడు యువకునకు ఈ లెక్క చెప్పువారేరి? ఇంటికి వచ్చిన పిదప చెవులు గింగురుమన్నచో కణములు దెబ్బతిన్నవనుటకు అది సూచన.

పసివారి విషయమున జాగు పనికిరాదు. బిడ్డ పలుకనిచో “మేనమామ పోలిక, వానికిని మూడేండ్లకు గాని మాటలు రాలేదు” అని ఊరకుందురు. మాట నేర్చు వయస్సు అంతలో గడచిపోవును. పుట్టిన నెలలోపున పరీక్ష, 3 నెలలకు రోగనిర్ధారణ, 6 నెలలకు చికిత్స అనునది నేటి వైద్యుల నియమము. నిద్రించు శిశువు చెవిలో మెల్లని శబ్దము పంపిన, ఆరోగ్యవంతమైన లోచెవి సన్నని ప్రతిధ్వని నిచ్చును. యంత్రము దానిని పట్టుకొనును. నొప్పి యేమియు లేదు. గర్భిణికి తొలి మాసములలో రుబెల్లా సోకినను బిడ్డకు చెవుడు రావచ్చును. తట్టు–రుబెల్లా టీకా మన దేశమున 2017లో ప్రారంభమైనది.

ఇక చెవిలో నూనె పోయుట, పిన్నీసుతో గెలుకుట. గులిమి చెవికి కాపలా. అది తనంతట వెలికి వచ్చును. చీము కారు చెవిలో వెల్లుల్లి నూనె పోయరాదు. కర్ణభేరికి రంధ్రమున్నచో అది నడిమి చెవిలోనికి దిగును. స్నానవేళ నీరు పోకుండ దూది అడ్డుపెట్టి, చెవిని పొడిగా నుంచి, వైద్యునకు చూపవలెను.