ఇందూరు – బోధన్ ప్రాంతంలో బతుకమ్మ ఆట: సాంస్కృతిక ప్రాధాన్యం

వ్యాససంగ్రహం: బతుకమ్మ ఆటలో అందరూ పాల్గొనేవారే; ప్రత్యేకంగా ప్రేక్షకులంటూ ఉండరు. దాని సాంస్కృతిక ప్రాధాన్యానికి ఈ లక్షణమే మూలమని నిజామాబాదు, బోధన్ చెరకు ప్రాంతం ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోలికకు తాహితీ ద్వీప సంప్రదాయ నృత్య చరిత్రను స్వీకరిస్తుంది.

కీలకపదాలు: బతుకమ్మ, వలయనృత్యం, బోధన్, తాహితీ, వేదిక.

1. ఆట నిర్మాణం

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ పండుగకు ఆటే ప్రాణం. తంగేడు, గునుగు, బంతి పూలను వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. స్త్రీలు చుట్టూ వలయంగా చేరుతారు. ఒకరు పాట ఎత్తుకోగా తక్కినవారు ‘ఉయ్యాలో’ అని అందుకుంటూ, ముందుకు వంగి చప్పట్లు చరుస్తూ అడుగులు వేస్తారు. వాద్యం లేకున్నా చప్పట్లే తాళమవుతాయి. అడుగు సరళమైనది కనుక బాలికలూ, అవ్వలూ ఒకే వరుసలో ఆడగలరు. పాట రానివారు వంత పాడుతూనే నేర్చుకుంటారు. పురాణగాథలతోబాటు అత్తింటి కష్టాలు, తోబుట్టువుల అనురాగం కూడా పాటలకు వస్తువులు.

2. నేలతో సంబంధం

మంజీరా నదిపై 1923–1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్ కాలువనీరు ఈ ప్రాంతంలో చెరకు సాగుకు ఆధారమైంది. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం బోధన్, శక్కర్‌నగర్‌ల జీవనాన్ని మార్చివేసింది. తంగేడు బీడుభూములలో పెరుగుతుంది. గునుగు మెట్టచేలలో కలుపుగా మొలుస్తుంది. మాగాణి విస్తరించిన చోట ఈ పూలకు తావు తగ్గుతుంది. స్వయంగా ఏరుకొనే పూలను అంగడిలో కొనవలసి వస్తుంది. అందువల్ల బతుకమ్మను ఆ ఊరి వ్యవసాయచరిత్రతో కలిపి చదవాలి.

2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. గల్ఫ్ వలసలు కూడా ఈ జిల్లాకు పాతవే. భర్తలు దూరదేశాలలో ఉన్న స్త్రీలు, తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డలు ఏటా ఒకచోట కలుసుకొని కష్టసుఖాలు చెప్పుకొనే సందర్భాన్ని ఈ ఆట కల్పిస్తుంది. దాని సామాజిక విలువ ఇక్కడే స్పష్టమవుతుంది.

3. తాహితీ అనుభవం

ఒక సామూహిక నృత్యం వేదికకెక్కినప్పుడు ఏమవుతుందో గ్రహించడానికి పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ చరిత్ర తోడ్పడుతుంది. క్రైస్తవ మిషనరీల ప్రభావంతో 1819లో వెలువడిన పొమారే శాసనం అక్కడి నృత్యాలను నిషేధించింది. ఫ్రెంచి పాలనలో 1881 నుండి జులై ఉత్సవాల ద్వారా అవి క్రమంగా బహిరంగ ప్రదర్శనలోకి వచ్చాయి. 1956లో మడెలీన్ మౌఆ నృత్యబృందాన్ని స్థాపించి ఈ కళకు గౌరవం పునరుద్ధరించారు. 1985 నుండి ఆ ఉత్సవం ‘హేయివా ఇ తాహితీ’గా ప్రసిద్ధం. ఢంకాల లయకు సాగే ‘ఒతేఆ’, హస్తాభినయంతో కథ చెప్పే ‘అపరిమా’ నేడు పోటీలలో న్యాయనిర్ణేతల ముందు ప్రదర్శితమవుతాయి. నిషేధానికి గురైన కళ పోటీల ద్వారా బలపడింది; అయితే ఆడేవారు, చూసేవారు అనే విభజన కూడా స్థిరపడింది.

4. ముగింపు

బతుకమ్మకు అటువంటి నిషేధచరిత్ర లేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దానిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఈ గుర్తింపు హర్షణీయమే. కాని వేదికపై ఎంపికైన బృందం ఆడుతుండగా, ధ్వనివర్ధకంలో ముద్రిత గీతం వినిపిస్తుండగా, మిగిలిన స్త్రీలు కుర్చీలలో కూర్చుంటే పాట ఎత్తుకొనే గొంతుకు పని ఉండదు. ఆ గొంతుతోబాటు ఆ ఊరి పాట కూడా మరుగవుతుంది. కనుక పరిశోధకులు పాటల పాఠాలతో సరిపెట్టుకోక, ఏ వాడలో ఎవరు పాట ఎత్తుకుంటున్నారు, ఎవరు అందుకుంటున్నారు, కొత్తతరం వలయంలో ఎక్కడ నిలుస్తున్నది అనే అంశాలను క్షేత్రస్థాయిలో నమోదు చేయవలసి ఉంది. బతుకమ్మ ఆటను అంచనా వేయడానికి వేదిక వైభవం కంటే వలయంలో చేరినవారి సంఖ్యే సరైన కొలమానం.