ఇంటి సోలారు విద్యుత్తును పెంచుకొనుట: లైను పట్టనప్పుడు చేయదగిన పనులు

మన సంఘ సభ్యులలో ఇండ్లమీద సోలారు పలకలు అమర్చుకొన్నవారు నానాటికి హెచ్చుచున్నారు. వారిలో పలువురు ఇటీవల ఒకే ప్రశ్నతో కార్యాలయమునకు వచ్చుచున్నారు. “మా డాబామీద 3 కిలోవాట్ల పలకలున్నవి. ఇంటిలోనికి ఏ.సి. వచ్చినది, కరెంటు స్కూటరు వచ్చినది. ఇంకొక రెండు కిలోవాట్లు వేయింతుమన్న మీ లైనుకు ఇంతకన్న వీలు లేదనుచున్నారు. చోటున్నది, ఎండయున్నది. ఏమి చేయవలయును?” అని వారి ప్రశ్న. దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పుట సాధ్యము కాదు. వీలు లేనిది దేనికో ముందుగా తెలిసికొన్నచో చేయదగిన పనులు కొన్ని కలవు. వానినే ఈ నెల వివరింతుము.

“వీలు లేదు” అను మాట మూడు విధముల రావచ్చును. మొదటిది మంజూరైన లోడు. మీ సర్వీసు 3 కిలోవాట్లకు వ్రాయబడియున్న యెడల 5 కిలోవాట్ల సోలారునకు ఆ లోడు చాలదు. రెండవది సింగిల్ ఫేజు సర్వీసు. ఒక్క ఫేజు మీద మితిమీరిన శక్తిని పంపిన యెడల తక్కిన రెండు ఫేజులతో తూకము తప్పును గావున, పెద్ద ఇన్వర్టరునకు త్రీ ఫేజు సర్వీసు అడుగుదురు. ఈ రెండును కాగితముతోను రుసుముతోను తీరునవి. మూడవది తీగకును ట్రాన్సుఫార్మరునకును సంబంధించినది. చిక్కంతయు ఇందులోనే యున్నది.

కాలువ చివరి చేలకు నీరందదని మనకందఱకు తెలియును. లైను చివరి ఇంటికి వోల్టేజి తగ్గుటయు అట్టిదే. సోలారు వచ్చిన పిమ్మట ఈ కథ మధ్యాహ్నవేళ తలక్రిందులైనది. అప్పుడు చివరి ఇల్లే లైనులోనికి కరెంటును త్రోయును. తీగ సన్ననిదై పొడవైనదైన కొలది, ఆ త్రోపునకు ఆ యింటివద్ద వోల్టేజి పెరుగును. లెక్కకు మీ యింటినుండి ట్రాన్సుఫార్మరు వఱకు, రాకపోకల తీగలు కలిపి, అర ఓము నిరోధమున్నదనుకొందము. 3 కిలోవాట్లు పంపునప్పుడు సుమారు 13 ఆంపియర్లు పాఱును; వోల్టేజి ఆఱున్నర వోల్టులు పెరుగును. 5 కిలోవాట్లు పంపునప్పుడు 22 ఆంపియర్లు. పెరుగుదల 11 వోల్టులు. అదే తీగమీద మఱి రెండిండ్లవారు పలకలు వేసియున్న యెడల వారి పెరుగుదలయు దీనికి తోడగును. ఇంటి కరెంటు 230 వోల్టుల లెక్కన వచ్చునది. దానిపై నూటికి 10 పాళ్లు హెచ్చినచో, అనగా 253 దాటినచో, ఇన్వర్టరు తనంత తానే ఆగిపోవలెనని నిబంధన కలదు. ఎండ బాగుగా కాయు వేళనే యంత్రము ఆగుటకు తఱచు కారణమిదియే.

మా సభ్యులలో ఒకరి ఇంట నిట్లే జరిగినది. ప్రతిదినము పదునొకండు గంటలకు ఇన్వర్టరు ఆగుట, రెండు గంటలకు మరల నడచుట. అమ్మినవారు వచ్చి పలక చెడినదనిరి, పలక మార్చిరి, ఫలము లేదు. తుదకు ఇన్వర్టరు తెరమీద కనబడు వోల్టేజిని గంటగంటకు పది దినములు పుస్తకములో వ్రాసి లైన్‌మాన్‌కు చూపగా, అతడు స్తంభమెక్కి చూచెను. సర్వీసు తీగ జాయింటు తుప్పుపట్టి సగము కాలియున్నది. ఆ జాయింటును బిగించి కట్టిన పిమ్మట యంత్రము ఆగలేదు. కావున లైనుకు వీలు లేదన్నవారిని, ఏ ఇంట ఏ గంటకు ఎన్ని వోల్టులు చూచితిరని మర్యాదగా అడుగుడు. మీ పుస్తకము మీ చేతిలోనుండవలయును.

ఇక నిబంధనల మాట. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించినది. దాని ప్రకారము 10 కిలోవాట్ల వఱకు ఇంటికప్పు సోలారునకు సమగ్రముగా దరఖాస్తు పెట్టినచో, సాంకేతిక పరిశీలన అవసరము లేకయే అది అంగీకరింపబడినట్లు భావింపవలయును. అందుకు తగినట్లు మంజూరు లోడును పెంచుట పంపిణీ సంస్థ పని. 5 కిలోవాట్ల వఱకు తీగలను ట్రాన్సుఫార్మరును బలపఱచు వ్యయము కూడ ఆ సంస్థయే భరింపవలయును. నోటిమాటతో కాదన్నచో, వ్రాతమూలకముగా దరఖాస్తు పెట్టి రసీదు పుచ్చుకొనుట మంచిది. వ్రాత చేరిన పిమ్మట జవాబు కూడ వ్రాతలోనే రావలయును గదా.

అయితే దరఖాస్తునకు ముందు ఇంటి లెక్క చూచుకొనవలయును. పెక్కుమంది ఇక్కడనే తప్పుచున్నారు. మన ప్రాంతములలో ఒక కిలోవాటు పలకలు సగటున దినమునకు 4 యూనిట్లు ఇచ్చుననుకొనవచ్చును. 3 కిలోవాట్లకు నెలకు సుమారు 360 యూనిట్లు. నెట్ మీటరు గలవారికి, పగలు లైనునకిచ్చిన యూనిట్లను రాత్రి తీసికొన్నవానిలో తగ్గించి తక్కినదానికే బిల్లు వేయుదురు. ఏడాది సగటున మీ వాడకము నెలకు 450 యూనిట్లనుకొనుడు. అప్పుడు కొఱత 90 యూనిట్లే. రెండు కిలోవాట్లు వేసినచో 240 యూనిట్లు వచ్చును, 150 మిగిలిపోవును. మిగులునకు లెక్క తీర్చునప్పుడు ముట్టు ధర, మీరు కొనుధరకన్న తక్కువ. ఒక కిలోవాటు వేసినచో 120 యూనిట్లతో కొఱత తీరి కొంత మిగులును గూడ.

ఇంకొక సంగతి. మన బిల్లులు శ్లాబుల మీద నడచును. వాడకము పెరిగిన కొలది పై యూనిట్ల ధర హెచ్చును. మొదట వేసిన పలకలు ఖరీదైన పై యూనిట్లను తగ్గించినవి. ఇప్పుడు మిగిలిన 90 యూనిట్లు చౌక శ్లాబులోనివి. కావున మొదటి కిలోవాటు తెచ్చిన ఆదాయము నాల్గవ కిలోవాటు తేదు. 2024లో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకపు సహాయము కూడ 3 కిలోవాట్లకు 78,000 రూపాయలతో ముగియును. పైదానికి కేంద్రసహాయము లేదు. ఏ.సి., స్కూటరు వచ్చి వాడకము నిజముగా నెలకు 600 యూనిట్లైనవారి మాట వేఱు. వారికి పెంచుకొనుట న్యాయమే. పన్నెండు నెలల బిల్లులను ముందు పెట్టుకొని కూర్చుండిన గాని ఏ గుంపులో నున్నామో తెలియదు.

పెంచుకొనుట అవసరమని తేలినది, లోడు పెంచుట ఆలస్యమగుచున్నది, లేక లైను నిజముగనే బలహీనమనుకొందము. అప్పుడు గుర్తింపవలసిన దేమన, తీగకున్న పరిమితి మీటరు దాటి బయటికి పోవుదానికి సంబంధించినది. ఇంటిలోపల వాడుకొన్నది తీగకు భారము కాదు. దీని నాధారము చేసికొని పుట్టినదే ఎగుమతిని అదుపుచేయు పద్ధతి. మీటరువద్ద తీగచుట్టు ఒక చిన్న కడియమువంటి కొలపరికరమును తగిలింతురు. బయటికి పోవు శక్తి నియమితమైన హద్దును చేరగానే అది ఇన్వర్టరునకు తెలుపును. ఇన్వర్టరు తన ఉత్పత్తిని తగ్గించుకొనును.

ఈ హద్దును సున్నకు పెట్టింతురా, ఇదివఱకు అనుమతి గల 3 కిలోవాట్లకు పెట్టింతురా అనుదానిలో ఎంతో భేదము కలదు. మధ్యాహ్నము 5 కిలోవాట్లు పుట్టుచున్నవి, ఇంట 1 కిలోవాటు వాడుచున్నారనుకొనుడు. హద్దు 3 అయినచో, 3 లైనులోనికి పోవును, 1 ఇంటికి, మిగిలిన 1 వ్యర్థమగును. హద్దు సున్నయైనచో ఇంటికి కావలసిన ఆ 1 మాత్రమే పుట్టును, తక్కిన నాలుగును పోవును. అనగా పాత పలకలు ఇచ్చుచుండిన ఎగుమతియు పోయి, పెంచకమునుపటికన్న అన్యాయమగును. ఎగుమతి చేయమని చెప్పిన చాలును, అనుమతి సుళువుగా వచ్చునని కొందఱు వర్తకులు చెప్పుచున్నారు. ఈ లెక్క చూడక ఒప్పుకొనకుడు. ఏ పద్ధతికైనను పంపిణీ సంస్థ అనుమతి వ్రాతలో నుండవలయును.

వ్యర్థమగు ఆ ఒక్క కిలోవాటును పట్టుకొనుటకు రెండు దారులు. ఖర్చులేనిది, పనులను పగటికి మార్చుట. ట్యాంకు నింపు మోటారు, పిండి రుబ్బు గ్రైండరు, బట్టల యంత్రము, స్కూటరు చార్జింగు పది గంటలనుండి మూడు గంటలలోపల జరుపుకొన్నచో, వోల్టేజియు దిగును, ఇన్వర్టరును ఆగదు. పొలమునకు పోవు ఇండ్లలో ఇది కష్టమే; చిన్న టైమరు స్విచ్చి ఆ పని చేయగలదు.

రెండవది బ్యాటరీ. గంటకొక యూనిటు చొప్పున అయిదు గంటలు నిలువచేసిన 5 యూనిట్లగును. సాయంకాలమునుండి నిద్రవేళవఱకు దీపములకు, ఫ్యానులకు, కొంతసేపు ఏ.సి.కి సరిపోవును. పోసిన దంతయు తిరిగిరాదు. పదవవంతు వఱకు నష్టపోవచ్చును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ, సీసపు బ్యాటరీకన్న ఖరీదైనను, ఎక్కువ లోతువఱకు వాడనిచ్చును, ఎక్కువ కాలము మన్నును. సీసపుదానిలో సగముకన్న మించి తోడినచో ఆయుస్సు తగ్గును. మా అభిప్రాయ మేమనగా, యూనిటుకు యూనిటు చెల్లించు నెట్ మీటరున్నంతకాలము లైనే మన గాదె. బిల్లు తగ్గుటకై బ్యాటరీ కొనుట దండుగ. కరెంటు తఱచుగా పోవు ఊళ్లవారికి మాత్రము అది వెలకు తగినదే. ఏలన సామాన్యపు సోలారు ఇన్వర్టరు, లైనులో కరెంటు పోగానే ఎండలో సైతము ఆగిపోవును. హైబ్రిడ్ ఇన్వర్టరును బ్యాటరీయు నున్నచో ఇల్లు నడచును.

ఇట్లు ఆగుట లోపము కాదు. లైను చంపి స్తంభమెక్కిన మనిషి ప్రాణము దానిపై ఆధారపడియున్నది. అనుమతి లేని రెండవ ఇన్వర్టరునో, పాత బ్యాటరీ ఇన్వర్టరునో ఏదో ఒక ప్లగ్గుద్వారా ఇంటి వైరింగునకు కలిపినచో, అది లైను పోయినను ఆగకపోవచ్చును. మన 230 వోల్టులు ట్రాన్సుఫార్మరు గుండ వెనుకకు పోయిన యెడల అవతలివైపున వేల వోల్టులై 11 కేవీ తీగలో నిలుచును. అక్కడ చేయి పెట్టియున్నవాడు మన ఊరివాడే. రాత్రికి రాత్రి అదనపు పలకలు తగిలించి మీటరును మాయ చేయుదుమని చెప్పువారిని గుమ్మములోనికి రానీయకుడు.

లైనుతో నిమిత్తమే లేకుండ పెంచుకొనదలచినవారికి వేఱొక మార్గము కలదు. పశువుల కొట్టము, మోటారు, మేడగది వంటివానికి వేఱు వైరింగు తీసి, వేఱు పలకలు, వేఱు ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టుకొనవచ్చును. రెండు కరెంటులు ఒకేసారి కలియకుండ ఛేంజోవరు స్విచ్చి తప్పనిసరిగా నుండవలయును.

పాత పలకల సరసన క్రొత్తవి చేర్చునప్పుడు ఒక జాగ్రత్త. అయిదాఱేండ్ల క్రిందటి 330 వాట్ల పలక సుమారు 9 ఆంపియర్లిచ్చును. ఇప్పటి 540 వాట్ల పలక సుమారు 13 ఇచ్చును. రెంటిని ఒకే వరుసలో గ్రుచ్చినచో, ముసలి ఎద్దుతో కోడెను కట్టినట్లే; వరుసంతయు 9 ఆంపియర్లకే దిగును. క్రొత్తవాని వరుస వేఱుగా, ఇన్వర్టరులోని రెండవ ఇన్‌పుటునకు పోవలయును. ఆ ఇన్‌పుటు ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వోల్టులు పట్టునో యంత్రపు పుస్తకములో చూడవలయును. చలికాలపు ఉదయమున పలకల వోల్టేజి పెరుగును గావున హద్దునకు దిగువనే ఆపవలయును. క్రొత్త పలకలను పడమటికి వాల్చినచో మొత్తముమీద కొంత తగ్గినను, మధ్యాహ్నపు రద్దీ తగ్గి సాయంకాలమునకు శక్తి దొరకును. బలహీనపు లైనులకు మేము దీనినే మెచ్చుదుము. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను ఒకదానిలో నొకటి దూర్చరాదు. అవి వదులై వేడెక్కి కాలును, డీ.సి. మంట త్వరగా ఆఱదు. కోస్తావారు పాత చట్రమునకే పొడిగింపులు అతికింపక, తుపానుగాలిని తట్టు బోల్టులు స్లాబులో నాటింపవలయును.

పెంచుకొనదలచిన సభ్యులు పన్నెండు నెలల బిల్లులు, మొదటి అనుమతి పత్రము, ఇన్వర్టరు పుస్తకము, పది దినముల వోల్టేజి వ్రాత తీసికొని కార్యాలయమునకు వచ్చినచో, ఎన్ని పలకలు అవసరమో కూర్చుండి లెక్క చూతుము. దరఖాస్తు కూడ ఇక్కడనే వ్రాసియిత్తుము.