స్ట్రిప్ వెనక కెమిస్ట్రీ

ముస్తాబాద్ మెడికల్ షాపుల్లో రోజూ అమ్ముడయ్యే గోలీల్లో జలుబుకు సిట్రిజిన్ ఒకటి, ఇన్ఫెక్షన్లకు డాక్టర్లు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ ఒకటి. డీఈసీ మాత్రం షాపులో కన్నా ఆశా కార్యకర్తల చేతుల మీదుగానే జనానికి ఎక్కువ తెలుసు. బోదకాలు రాకుండా ఊరందరితో మింగించే గోలీ అది. జబ్బులు వేరు, మందులు పనిచేసే తీరూ వేరు. అయినా ఈ మూడింటిలోనూ ఒకే ఆరు మూలల వలయం దాగి ఉంది: నాలుగు కార్బన్లు, ఎదురెదురుగా రెండు నైట్రోజన్లు. దాని పేరు పైపరజీన్.

ఫార్మసీ విద్యార్థి ఇలాంటి వలయాలను బోర్డు మీద చూసి నోట్సులోకి దించుకుంటాడు, పరీక్షలో గీస్తాడు, మరిచిపోతాడు. "రేపు షాపులో కూర్చునేటోనికి ఇదంతా ఎందుకు సార్?" అని అడిగితే కోప్పడాల్సిన పనేమీ లేదు. వలయం ఇప్పుడు గీయించి, మందు పేరు ఏడాది తర్వాత చెబితే ఎవరికైనా విసుగే. అదే ముందుగా స్ట్రిప్ చేతికిచ్చి, వెనకవైపు చదవమంటే?

అక్కడ సన్నటి అక్షరాల్లో సిట్రిజిన్ డైహైడ్రోక్లోరైడ్, సిప్రోఫ్లాక్సాసిన్ హైడ్రోక్లోరైడ్, డైఇథైల్‌కార్బమజైన్ సిట్రేట్ (అదే డీఈసీ) అని ఉంటుంది. ఆ తోకలు పైపరజీన్ నైట్రోజన్ల పుణ్యమే. వాటికి ఆమ్లాన్ని పట్టుకునే గుణం ఉంది. పట్టుకుంటే మందు లవణంగా మారుతుంది, నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది. కడుపులో కరగని గోలీ రక్తంలోకి చేరదు కదా! సిట్రిజిన్‌లో రెండు నైట్రోజన్లూ ఆమ్లంతో కలుస్తాయి కాబట్టే 'డై'.

డీఈసీ గోలీ వెనక మనవాడే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహించిన కాలంలో, పైపరజీన్ సమ్మేళనాలను పరీక్షిస్తూ పోయిన బృందానికి 1947 నాటికి ఈ మందు దక్కింది. బోదకాలు బాధితులకు ప్రభుత్వం పింఛన్ ఇస్తున్న రాష్ట్రంలో, ఈ సంగతి చెప్పకుండా పైపరజీన్ పాఠం ముగించడం అన్యాయం.

కొన్ని కెమిస్ట్రీ పాఠాలు నేర్వకపోతే ప్రాణాల మీదకొస్తుంది. సిరప్‌లలో వాడే ప్రొపిలీన్ గ్లైకాల్, విషమైన డైఇథిలీన్ గ్లైకాల్ రెండూ రంగులేని చిక్కటి ద్రవాలే. కంటికి తేడా తెలియదు, గ్యాస్ క్రొమటోగ్రఫీకి తెలుస్తుంది. 1937లో ఆ విషం కలిసిన మందు తాగి అమెరికాలో వంద మందికి పైగా చనిపోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగిన పిల్లలను బలిగొన్నదీ అదే.

షాపు కౌంటర్ దగ్గర మాత్రం కెమిస్ట్రీ చాలా మామూలు ప్రశ్నగా వస్తుంది. "పాలతోని ఏసుకోవచ్చా బిడ్డా?" అని సిప్రో కొన్న పెద్దమ్మ అడుగుతుంది. ఆ అణువులో పక్కపక్కనే ఉన్న కీటో, కార్బాక్సిల్ గుంపులు పాలలోని కాల్షియాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. అలా కలిసిన మందు-కాల్షియం జంట పేగుల గోడ దాటడం కష్టం, మందులో కొంత వృథా. ఐరన్ గోలీలతోనూ ఇదే తంటా. బోర్డు మీది బొమ్మ గుర్తున్న కుర్రాడు ఇలా చెబుతాడు: "వద్దు పెద్దమ్మా, నీళ్లతోనే ఏసుకో. పాలు రెండు గంటలు ఆగి తాగు."