అలసట చెప్పు మాట

దూరపు పరుగునందు గాని, కొండ యెక్కుటయందు గాని ఒకానొక ఘట్టమున కాళ్ళు బరువెక్కును. ఊపిరి చాలదు. ఇక ఆగుమని లోపలినుండి ఒక మాట వినవచ్చును. ఆ మాట కండరములదా, మెదడుదా? దానిని ఎంతవరకు వినవలెను? ఈ సంగతినే శ్రోతలకు వివరింప దలచితిమి.

ఇటలీలో టూరిన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆంజెలో మోస్సో అలసటను గూర్చి 1891లో ఒక గ్రంథము ప్రకటించెను. వ్రేలితో బరువును మాటిమాటికి ఎత్తించి, ఆ శ్రమను గీతలుగా గుర్తించు యంత్రమును ఆయన కల్పించెను. గంటలకొలది విద్యార్థులను పరీక్షించి వచ్చిన అధ్యాపకుని వ్రేలు, అంతకుముందు ఎత్తినన్ని మారులు ఎత్తలేకపోయెను. వ్రేలు అంతవరకు చేసిన పని లేదు, శ్రమపడినది మెదడు. పరీక్షాధికారులైన మా మిత్రులు దీనికి ఆశ్చర్యపడరు.

కండరములలో చేరు లాక్టిక్ ఆమ్లమే అలసటకు మూలమని చాలకాలము బోధించిరి. అది పూర్తిగా నిజము కాదని, ఆ పదార్థమును కండరములు ఇంధనముగా కూడ వాడుకొనునని నేడు తెలిసినది. 2004లో ఇంగ్లండునందు బర్మింగ్‌హామ్ పరిశోధకులు ప్రకటించిన ప్రయోగము మరింత విచిత్రమైనది. సైకిలు పందెగాండ్రు పిండిపదార్థపు ద్రావణమును పుక్కిలించి ఉమ్మివేసిరి. గ్రుక్కెడైనను మ్రింగలేదు. అయినను గంటసేపటి శ్రమలో వారి ఫలితము సుమారు 3 శాతము మెరుగుపడెను. ఆహారము వచ్చుచున్నదని నోరు చెప్పగనే మెదడు పట్టు సడలించెనన్నమాట. మొదటిసారి ఆగుమన్నప్పుడు శరీరమున ఇంకను కొంత నిలువ ఉన్నదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

అట్లని ఆ నిలువ అదలించినంతనే చేతికి రాదు. చెకోస్లొవాకియా సైనికుడు ఎమిల్ జటోపెక్ బరువైన బూట్లతో పరుగెత్తెడివాడు. 400 మీటర్లు వేగముగా, పిదప కొంత నెమ్మదిగా, మరల వేగముగా, దినమునకు పెక్కు మారులు. బాధను చిన్న మోతాదులలో తీసికొని పరిచయము చేసికొనుటయే ఆయన పద్ధతి. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో 5,000, 10,000 మీటర్ల పందెములు గెలిచి, అంతకుముందెన్నడును పరుగెత్తని మారథాన్‌ను కూడ గెలిచెను.

మనవంటివారికి రెండు నిమిషములు వడిగా, రెండు నిమిషములు మెల్లగా నడచుట చాలును. దూరమును ముక్కలు చేసికొనుట మరియొక ఉపాయము. అలిపిరినుండి తిరుమలకు నడచువారికి దీనిని ఎవరును నేర్పనక్కరలేదు. 3,500కు పైబడిన మెట్లను వారు తలచుకొనరు. ముందు గాలిగోపురము, ఆపై మోకాళ్ళ మిట్ట, అంతే.

అయితే ఈ విద్యకు ఎల్ల ఉన్నది. ఇంగ్లండు పరుగువీరుడు జిమ్ పీటర్స్ 1954లో వాంకూవరు నగరమున, మండుటెండలో, రెండవవానికన్న ఎంతో ముందుగా క్రీడారంగమును చేరెను. లోనికి రాగానే తూలి పడెను. లేచెను, మరల పడెను. కొలది గజములు సాగుటకే నిమిషములు పట్టెను. గమ్యము చేరకుండగనే అతనిని మోసికొని పోయిరి. అతడు మరల ఎన్నడును పందెమున పరుగెత్తలేదు. అలసటను అణచుటలో అతనికి లోపము లేదు. ఆ నేర్పు మితిమీరినదని మా అభిప్రాయము.

కనుక ఏది ఏ బాధయో తెలిసికొనవలెను. రెండు తొడలును సమానముగ మండుట, రొప్పు, విసుగు: వీనితో బేరమాడవచ్చును. మరునాటి ఒళ్ళునొప్పులు కొలది దినములలో తగ్గును. ఒకే కీలున పోటుగా లేచు నొప్పి, రొమ్మున బిగింపు, కన్నులు తిరుగుట, ఎండలో చలి పుట్టుట, మాట తడబడుట: వీనితో బేరము లేదు. తక్షణమే ఆగి నీడకు చేరవలెను, తోడివారిని పిలువవలెను. రొమ్ము బిగింపు, మాట తడబాటు కనబడినచో వైద్యుని పిలిపించుటకు ఆలస్యము చేయరాదు.