కారులోని కనిపించని సారథి

సారథికి గుర్రాలను ఉరికించడం తెలిస్తే చాలదు. పగ్గం ఏ క్షణాన బిగించాలో, ఏ క్షణాన వదలాలో కూడా తెలియాలి. నేటి కారులో ఈ బాధ్యతను నిర్వర్తించేది మైక్రోకంట్రోలరు అనే చిన్న చిప్పు.

ప్రాసెసరు, మెమరీ, టైమర్లు ఒకే సిలికాన్ ముక్కపై ఒదిగి ఉండడం దీని ప్రత్యేకత. 1980లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 8051 ఇందుకు చక్కని ఉదాహరణ. అందులో ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, తాత్కాలిక లెక్కలకు 128 బైట్లు మాత్రమే స్థలం ఉండేది. అయినా ఆ కుటుంబానికి చెందిన చిప్పులు దశాబ్దాలపాటు కర్మాగారాలలో యంత్రాలను నియంత్రించాయి. నియంత్రణకు కావలసింది అపారమైన మెమరీ కాదు, సమయపాలన.

నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు పట్టేది సెకనులో నూరవ వంతు. ఆ చుట్టులో ఒక్కొక్క డిగ్రీకి దక్కే కాలం సుమారు 28 మైక్రోసెకన్లు. స్పార్క్ ప్లగ్గులో నిప్పురవ్వ మరీ ముందుగా పుడితే ఇంజను దెబ్బతింటుంది. ఆలస్యమైతే ఇంధనం వృథా అవుతుంది. అందుచేత సెన్సారు నుండి సంకేతం అందిన వెంటనే ప్రాసెసరు చేస్తున్న పనిని ఆపి, అత్యవసరమైన పనికి పూనుకుంటుంది. ఈ ఏర్పాటునే ఇంటరప్టు అంటారు.

మరి సారథే సొమ్మసిల్లితే? ఇందుకై చిప్పులో వాచ్‌డాగ్ అనే కావలి టైమరు ఉంటుంది. ప్రోగ్రాము నియమిత వ్యవధిలో దానికి తన ఉనికిని తెలుపుతూ ఉండాలి. ఆ పలకరింపు ఆగిపోతే, వాచ్‌డాగ్ చిప్పును మళ్ళీ మొదటినుండి నడిపిస్తుంది.

అయితే ప్రోగ్రాము ఆగకుండానే లెక్క తప్పవచ్చు. కాస్మిక్ కిరణాల వలన పుట్టిన కణం తాకినా చిప్పులో సున్న ఒకటిగా మారే అవకాశం ఉంది. బ్రేకుల విషయంలో అటువంటి పొరపాటు ప్రాణాంతకం కాగలదు. కనుక అటువంటి చోట్ల వాడే అనేక చిప్పులలో రెండు ప్రాసెసర్లు ఒకే లెక్కను చేస్తాయి. ఫలితాలను మరొక వలయం నిరంతరం పోల్చి చూస్తుంది. ఈ పద్ధతికి లాక్‌స్టెప్ అని పేరు.

ఫలితాలు వేరైతే రెండింటిలో ఏది సరియైనదో ఆ పోలిక చెప్పలేదు. తప్పు జరిగిందని మాత్రమే చెప్పగలదు. అంతమాత్రం తెలిసినా చాలు. యాంటీలాక్ వ్యవస్థ తనంతట తాను తప్పుకొని, హెచ్చరిక దీపం వెలిగించి, మామూలు బ్రేకులను చోదకుని పాదానికే వదిలివేస్తుంది. తన లెక్కపై నమ్మకం పోయినప్పుడు పగ్గాలను మనిషికి అప్పగించడం కూడా ఉత్తమ సారథి లక్షణమే.