వడదెబ్బ తగిలిన పెద్దయ్య మంచం దగ్గర శరీర పాఠం



నర్సింగ్ అసిస్టెంటు శిక్షణలో చేరిన పిల్లలకు మొట్టమొదట చెప్పే పాఠాలలో శరీర వ్యవస్థల పాఠం ఒకటి. ఎముకలకు ఒక పటం, గుండెకు ఒక పటం, జీర్ణకోశానికి ఒక పటం. నోటుబుక్కులో ఒక్కో వ్యవస్థకు ఒక్కో అధ్యాయం. పెద్దవారి ఒంట్లో 206 ఎముకలు అని రాస్తే పరీక్షలో మార్కు వస్తుంది. కానీ వార్డుకు వచ్చే మనిషి అధ్యాయాలుగా విడిపోయి రాడు, ఒక్క మనిషిగా వస్తాడు. అతని ఒంట్లో ఒక వ్యవస్థకు కష్టం వస్తే మిగతావి ఆ బరువును మోస్తాయి. మోయలేనప్పుడు ఒకదాని వెంట ఒకటి కూలబడతాయి.

ఈ సంగతి అర్థం కావడానికి మన ప్రాంతంలో అందరికీ తెలిసిన జబ్బును తీసుకుందాం. అదే వడదెబ్బ. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. జనగామ జిల్లాలోని మన బచ్చన్నపేట మెట్ట ప్రాంతం. ఇక్కడ యాసంగి వరి కోతలు, కల్లం పనులు, కొనుగోలు కేంద్రం దగ్గర వడ్ల కావలి, అన్నీ ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లోనే వస్తాయి.

అరవై ఐదేళ్ళ పెద్దయ్య ఒకరు పొద్దటి నుండి వడ్లు ఆరబోసి, మధ్యాహ్నం దాకా ఎండలోనే ఉన్నాడని అనుకుందాం. ఆయన ఒంట్లో ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

చర్మం – ఒంటికి చల్లని పందిరి

మన శరీరంలో అన్నిటికంటే పెద్ద అవయవం చర్మమే. పెద్దవారిలో ఇది ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. శరీరం వేడెక్కగానే చెమట పడుతుంది. ఆ చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఎండలో కష్టపడే మనిషికి గంటకు ఒక లీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా చెమట పోవచ్చు. నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది. వయసు మళ్ళిన వారికి చెమట తక్కువ పడుతుంది, దాహమూ తక్కువే తెలుస్తుంది. అందుకే "నాకు దూప అయితలేదు బిడ్డా" అని పెద్దయ్య అన్నంత మాత్రాన ఆయన ఒంట్లో నీళ్ళు సరిపడా ఉన్నాయని నమ్మకూడదు.

గుండె, రక్తనాళాలు – ఒకే నీటితో రెండు మడులు

పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. నెమ్మదిగా కూర్చున్నప్పుడు కూడా గుండె నిమిషానికి దాదాపు అంత రక్తాన్నీ ఒకసారి తిప్పుతుంది. ఎండలో ఒళ్ళు చల్లబడాలంటే చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. పని చేయాలంటే కండరాలకూ పంపాలి. చెమట పోయిన కొద్దీ రక్తంలోని నీరు తగ్గుతుంది. ఎండిపోతున్న బావితో రెండు మడులు తడపాలని చూసినట్టే ఇది. అప్పుడు గుండె చేయగలిగింది ఒక్కటే, వేగంగా కొట్టుకోవడం.

ఊరికే ఉన్నప్పుడు పెద్దవారి నాడి నిమిషానికి 60 నుండి 100 మధ్య ఉంటుంది. మణికట్టు దగ్గర రెండు మూడు వేళ్ళు ఆనించి నిమిషం పాటు లెక్కించాలి. బొటనవేలు వాడకూడదు. బొటనవేలిలో మన నాడే కొట్టుకుంటుంది గనుక లెక్క తప్పుతుంది. నాడి 120 దాటి, బలహీనంగా తగులుతూ, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతుంటే రక్తపోటు పడిపోతున్నదేమో చూడాలి. ఇది వెంటనే సిస్టరమ్మకు చెప్పవలసిన విషయం.

ఊపిరితిత్తులు – అడగకుండా లెక్కించాలి

పెద్దవారు నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాస తీస్తారు. మన ఊపిరితిత్తులలో సుమారు 30 కోట్ల చిన్న గాలి గదులున్నాయి. ఈ గదుల దగ్గరే ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. ఒళ్ళు వేడెక్కినప్పుడు, రక్తపోటు పడిపోయినప్పుడు శ్వాస వేగం పెరుగుతుంది. "మీ శ్వాస లెక్కపెడుతున్నాను" అని చెబితే మనిషి తనకు తెలియకుండానే శ్వాస మార్చేస్తాడు. అందుకే నాడి లెక్కించడం అయిపోయాక కూడా చేయి వదలకుండా, చూపు మాత్రం ఛాతీ మీద పెట్టి శ్వాసను లెక్కించాలి.

మూత్రపిండాలు – కొలిచి రాయవలసిన చోటు

రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడకడతాయి. అందులో దాదాపు అంతా మళ్ళీ రక్తంలోకే పోతుంది. ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఒక హార్మోను వదులుతుంది. నీటిని పోనివ్వవద్దని అది మూత్రపిండాలకు ఇచ్చే కబురు. అప్పుడు మూత్రం తగ్గుతుంది, రంగు ముదురుతుంది.

కాబట్టి "పెద్దయ్యా, పొద్దటి సంది ఒంటికి పోయిన్రా?" అని అడగడానికి సిగ్గుపడవద్దు. మూత్రపు సంచి పెట్టి ఉంటే "కొంచెం వచ్చింది" అని రాయవద్దు, ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లయినా రావాలి. అంతకంటే తగ్గితే, లేదా మూత్రం డికాక్షను రంగులో ఉంటే, డ్యూటీ ముగిసేదాకా ఆగకుండా అప్పుడే చెప్పాలి. ఆ రంగు ఎందుకు వస్తుందో తర్వాతి పాఠంలో ఉంది.

కండరాలు – పని చేసినంత సేపూ పొయ్యే

మన ఒంట్లో 600కు పైగా కండరాలున్నాయి. అవి పని చేయడానికి వాడుకునే ఇంధనం పేరు ఏటీపీ. దీన్ని తొలిగా గుర్తించిన శాస్త్రజ్ఞులలో మన తెలుగువాడు డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలోని హార్వర్డులో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి పనిచేసి, 1929లో ఈ సంగతి ప్రకటించారు. కండరం ఖర్చు చేసే శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగానే పోతుంది. అంటే వడ్ల బస్తా మోసే మనిషికి బయట ఎండ, లోపల పొయ్యి.

ఉప్పు, నీరు తగ్గితే పిక్కలు పట్టేస్తాయి. వేడి మరీ మించితే కండరాలు లోపల చితికి, వాటిలోని ఎర్రని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరుతుంది. మూత్రం డికాక్షను రంగుకు మారేది అందుకే. మూత్రపిండాలు పనిచేయడం మానేసే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. పిక్క నొప్పికీ మూత్రపిండానికీ సంబంధమేమిటని ఇకమీదట ఎవరూ అడగనక్కరలేదు.

జీర్ణకోశం – ఉప్పు, చక్కెర కలిసి చేసే పని

రక్తమంతా చర్మానికి, కండరాలకు మళ్ళినప్పుడు కడుపుకు, పేగులకు వాటా తగ్గుతుంది. అందుకే వికారం, వాంతులు వస్తాయి. అయినా తెలివిలో ఉన్న మనిషికి ఒంట్లోకి నీరు చేర్చే మంచి దారి పేగులే. చిన్నపేగు గోడ మీద ఉప్పు, చక్కెర జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. ఓఆర్ఎస్ పొడిలోని మర్మం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీటితోనే ఎందరినో బతికించారు. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచానే వాడాలి, తలకొట్టి కొలవాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి కూడా మంచివే.

మెదడు, నరాలు – "పండుకున్నడు, లేపకు"

మెదడు బరువు ఒకటిన్నర కిలో కూడా ఉండదు. కానీ ఒంట్లోని ప్రాణవాయువులో సుమారు అయిదో వంతు అదే వాడుకుంటుంది. శరీరపు వేడిని 37 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నిలిపి ఉంచేది మెదడులోని చిన్న భాగమే. సూక్ష్మజీవుల వల్ల జ్వరం వచ్చినప్పుడు ఆ భాగమే వేడిని పైకి జరుపుతుంది. పారాసెటమాల్ దాన్ని మళ్ళీ కిందికి దింపుతుంది. వడదెబ్బలో అలా కాదు. మెదడు వేడి తగ్గించాలనే చూస్తుంది, శరీరానికే చేతకాదు. అందుకే వడదెబ్బకు పారాసెటమాల్ పనిచేయదు. ఒంటిని చల్లబరచడమే వైద్యం.

శరీర వేడి 40 డిగ్రీలకు, అంటే 104 ఫారెన్‌హీటుకు చేరి, మనిషి సోయి తప్పి మాట్లాడుతుంటే అది ప్రాణాపాయం. ఒళ్ళు పొడిగా ఉండాలనేమీ లేదు. కష్టం చేస్తూ పడిపోయిన వారికి చెమట పడుతూ కూడా వడదెబ్బ ఉండవచ్చు.

ప్రాణాలు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఇంటికి వచ్చిన పెద్దయ్య మంచం మీద వాలిపోతాడు. ఇంట్లోవాళ్ళు "అలిసి పండుకున్నడు, లేపకు" అంటారు. శిక్షణ పొందిన పిల్ల అయితే దగ్గరికి వెళ్ళి, భుజం తట్టి, "పెద్దయ్యా, మీ పేరేంది? ఇప్పుడు ఏడున్నరు? ఇయ్యాల ఏం వారం?" అని అడుగుతుంది. అలిసిన మనిషి విసుక్కుంటూనైనా సరిగ్గా జవాబు చెబుతాడు. వడదెబ్బ మనిషి తడబడతాడు, లేదా అసలు పలకడు. చక్కెర జబ్బు ఉన్నవారైతే రక్తంలో చక్కెర పడిపోయినా ఇలాగే తడబడతారు. కనుక ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసినవి

1. వెంటనే నీడకు చేర్చండి. 108కు ఫోను చేయండి.
2. బిగుతు బట్టలు వదులు చేయండి, మందపు బట్టలు తీసేయండి.
3. ఒళ్ళంతా నీళ్ళు చల్లి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు గానీ గుడ్డలో చుట్టిన మంచు గానీ పెట్టండి. బండి వచ్చేదాకా ఆపవద్దు.
4. పూర్తి తెలివి ఉంటేనే నీళ్ళు తాగించండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
5. బీపీకి, గుండెకు మందులు వాడేవారు వేసవిలో వాటిని సొంతంగా మానవద్దు, డాక్టరును అడగండి.
6. గర్భిణులను ఎండకు పంపవద్దు. కడుపులో బిడ్డ కోసం వారి రక్తం అప్పటికే దాదాపు సగం పెరిగి, గుండె ఎక్కువ పని చేస్తూ ఉంటుంది.

వార్డులో పాఠం ఇంకా ఉంది

పెద్దయ్య ప్రాణం దక్కింది, నాలుగు రోజులు మంచం మీద ఉన్నాడని అనుకుందాం. ఇప్పుడు నడుము కింది ఎముక, మడమలు, తుంటి పరుపుకు ఒత్తుకుంటాయి. ఒత్తిన చోట సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, చర్మానికి రక్తం అందదు. మూత్రంతో పక్క తడిసి ఉంటే చర్మం ఇంకా త్వరగా చెడుతుంది. ఎముక, రక్తం, చర్మం, మూత్రం, ఈ నాలుగు అధ్యాయాలూ కలిసి ఒక్క మంచపు పుండు. దాన్ని ఆపేది రెండు గంటలకొకసారి పక్క మార్చే చేతులు, పొడిగా ఉంచే దుప్పటి. ఎర్రబడిన చోటును వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. అక్కడ రుద్దకండి, సిస్టరమ్మకు చూపించండి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన నర్సింగ్ పుస్తకంలో రోగిని గమనించడం గురించే ఒక అధ్యాయం పెట్టారు. ఆ రోజుల్లో ఇన్ని యంత్రాలు లేవు. ఇప్పుడు ఉన్నాయి. అయినా యంత్రం పెట్టని రోగులే వార్డులో ఎక్కువ. వారి దగ్గర ఉండేది నర్సింగ్ అసిస్టెంటే. ఏ జబ్బో తేల్చడం ఆమె పని కాదు. ఇంజక్షను నిర్ణయించడం ఆమె పని కాదు. చూడాలి, లెక్కించాలి, రాయాలి, చెప్పాలి. ఆ నాలుగూ ఆమె పనే.

శిక్షణలో ఉన్న పిల్లలారా, "చెబితే తిడతారేమో" అని మాత్రం ఆగవద్దు. మీరు చెప్పింది చిన్న విషయమే అని తేలితే ఎవరికీ నష్టం లేదు. చెప్పకపోతే, సంచిలో రెండు గంటలుగా చుక్క మూత్రం చేరని సంగతి పొద్దున డాక్టరు రౌండుకు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆ సంగతి నైట్ డ్యూటీలోనే తెలిస్తే మూత్రపిండాలు దక్కవచ్చు, పెద్దయ్య మళ్ళీ తన కల్లానికి నడిచి పోవచ్చు.